ముందు కళాశాలలను లెక్కపెట్టండి, అధ్యాపకులను తరువాత

గుంటూరులోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పదకొండేళ్లుగా వృక్షశాస్త్రం బోధిస్తున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆమె విద్యా నిర్వహణలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నమోదయ్యారు. ప్రిన్సిపాల్ నాయకత్వ శైలికీ అధ్యాపకుల సంస్థాగత నిబద్ధతకూ, అంటే వారు తమ కళాశాలను అంటిపెట్టుకుని ఉండటానికీ, ఉన్న సంబంధం ఆమె అంశం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పది కళాశాలలు ఎంచుకుని, ఒక్కో ప్రిన్సిపాల్ చేతికి 40 ప్రశ్నావళులు ఇచ్చి, మొత్తం 400 నింపించాలనుకుంటున్నారు. ఎంతమందిని అడగాలో చెప్పే ఒక పట్టిక ప్రకారం 384 చాలని తోటివారు చెప్పారట. ఇది సరిపోతుందా, ప్రశ్నావళి ఇంగ్లీషులో ఉండాలా తెలుగులో ఉండాలా, తాను పనిచేస్తున్న కళాశాలను కూడా కలుపుకోవచ్చా అని అడిగారు.

అమ్మా, సరిపోదు. 400 అనే సంఖ్యలో లోపమేమీ లేదు, లోపమంతా పది అనే సంఖ్యలో ఉంది. మీరు పరిశీలించబోతున్నది ప్రిన్సిపాళ్ల నాయకత్వం కాబట్టి మీ అధ్యయనంలో అసలు లెక్కకు వచ్చేది పదిమంది మాత్రమే. అదే శ్రమతో 40 కళాశాలలకు వెళ్లి, ఒక్కోచోట పదిమంది చేత నింపించండి. ఫారాలు ప్రిన్సిపాల్ చేతి మీదుగా వెళ్లకూడదు, ఆ చేతి మీదుగా తిరిగి రాకూడదు. ప్రశ్నావళి తెలుగులో ఉండాలి, పక్కనే ఇంగ్లీషు పాఠం ఉన్నా తప్పులేదు. మీ సొంత కళాశాలను కలుపుకోవద్దు. నేను విజయవాడలో అధ్యాపకుడిగా, ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఆ తరువాత పదిహేనేళ్లపాటు ఈ రంగంలో పరిశోధక విద్యార్థులకు మార్గదర్శిగా ఉన్నాను. ఈ నాలుగు మాటలకూ కారణాలను ఆ అనుభవంలోంచే వివరిస్తాను.

సంస్థాగత ప్రవర్తన అనే శాస్త్రం మనుషులను అడిగి సమాధానాలు తీసుకుంటుంది గానీ, దానికి కావలసిన సమాధానం సంస్థ గురించినది. ఒకే ప్రిన్సిపాల్ కింద, ఒకే టైంటేబుల్‌లో, ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, ఒకే తేదీన జీతం అందుకునే నలభైమంది ఇచ్చే సమాధానాలు చాలావరకు ఒకదానినొకటి పోలి ఉంటాయి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలని మన ఇళ్లలో అంటారు. ఒకే కుండలో నలభై మెతుకులు పట్టి చూసినా తెలిసేది ఆ ఒక్క కుండ సంగతే. మీకు తెలియాల్సింది రెండు జిల్లాల్లోని కుండల సంగతి.

384 అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. 1970లో క్రెజ్సీ, మోర్గన్ ప్రచురించిన పట్టికలో మొత్తం జనాభా 1,000 అయితే 278 మందిని, 10,000 అయితే 370 మందిని తీసుకోవాలని ఉంటుంది, జనాభా ఎంత పెరిగినా ఆ సంఖ్య 384 దగ్గర ఆగిపోతుంది. మన ప్రాంతంలో విద్యాశాస్త్ర సిద్ధాంత గ్రంథం ఏది తెరిచినా ఈ పట్టిక కనిపిస్తుంది. కానీ దాని వెనుక ఒక షరతు ఉంది. మొత్తం జాబితా మన చేతిలో ఉండి, అందులోంచి ఒక్కొక్కరినీ విడివిడిగా లాటరీ పద్ధతిలో ఎంచుకున్నప్పుడే ఆ లెక్క వర్తిస్తుంది. కళాశాలను ఎంచుకుని అందులో ఉన్నవారందరినీ అడిగితే ఆ షరతు మొదటి అడుగులోనే తప్పిపోతుంది.

ఎంత నష్టం జరుగుతుందో చిన్న గుణకారంతో చూపిస్తాను. ఒకే కళాశాలలోని ఇద్దరి సమాధానాల మధ్య పోలికను కొలిచే గుణకం ఒకటి ఉంది, అది సున్నా నుంచి ఒకటి వరకు ఉంటుంది. మీ అధ్యయనంలో అది 0.15 అనుకుందాం. ఒక్కో కళాశాలలో అడిగే మనుషుల సంఖ్యలోంచి ఒకటి తీసివేసి, మిగిలినదాన్ని ఆ గుణకంతో హెచ్చించి, ఒకటి కలపండి. కళాశాలకు 40 మంది చొప్పున అయితే 39ని 0.15తో హెచ్చించి ఒకటి కలిపితే 6.85 వస్తుంది. 400ను దానితో భాగిస్తే సుమారు 58. మీరు 400 మందిని అడిగినా, విడివిడిగా ఎంచుకున్న 58 మందిని అడిగినంత సమాచారమే మీ చేతికి వస్తుందన్నమాట. అదే 400 మందిని 40 కళాశాలల నుంచి పదేసిమందిగా తీసుకుంటే భాజకం 2.35కు తగ్గి, ఆ విలువ 170కి పెరుగుతుంది. ఫారాలు అవే, జిరాక్స్ ఖర్చు అదే, సమాచారం మాత్రం దాదాపు మూడింతలు.

ప్రిన్సిపాల్ నాయకత్వం వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా గట్టిగా తెలుస్తుంది. పదిమంది ప్రిన్సిపాళ్ల సగటులను పది కళాశాలల నిబద్ధత సగటులతో పోల్చినప్పుడు, రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం 0.632 దాటితేనే 5 శాతం స్థాయిలో అది సార్థకమవుతుంది, అంటే కాకతాళీయం కాదని అనుకోవచ్చు. నలభై కళాశాలలైతే 0.312 దాటితే చాలు. నిజ జీవితంలో ప్రిన్సిపాల్ ప్రభావం 0.3, 0.4 మధ్య ఉందనుకోండి. పది కళాశాలల అధ్యయనం దాన్ని పట్టుకోలేక "సంబంధం లేదు" అని రాయిస్తుంది. ఆ వాక్యం మీ గ్రంథంలో నిలిచిపోతుంది, తరువాతి వాళ్లు దాన్నే ఉదహరిస్తారు. ఇలా రాసిన నిర్ధారణలు దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో ఉన్న గ్రంథాల్లో నేను చాలా చూశాను, వాటిలో కొన్నింటికి పరీక్షకుడిగా కూర్చున్నప్పుడు ఎంతో బాధపడ్డాను కూడా. లింగం, వయసు, గ్రామం పట్టణం, యాజమాన్యం అని నాలుగు చలరాశులు పెట్టుకుని, రెండు గుంపుల సగటుల తేడాను చూసే టీ పరీక్షలు నాలుగు చేసి, సార్థక భేదం లేదని ముగించే పద్ధతి మన దగ్గర బాగా అలవాటైపోయింది. మీరు ఆ దారిలో వెళ్లకండి.

ఇక మీ గ్రంథం శీర్షికలో రాసే జిల్లాల మాట. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత కృష్ణా జిల్లాలో విజయవాడ భాగం ఎన్టీఆర్ జిల్లా అయింది, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు వచ్చాయి. "కృష్ణా, గుంటూరు జిల్లాలు" అని మాత్రమే రాస్తే విజయవాడ, నరసరావుపేట కళాశాలలు మీ పరిధిలో ఉన్నాయో లేవో చదివేవారికి తెలియదు. పూర్వపు ఉమ్మడి జిల్లాలని రాయండి, లేకపోతే ఇప్పటి జిల్లాల పేర్లు ఇవ్వండి. యాజమాన్యాల వర్గీకరణ విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. 2021లో ఎయిడెడ్ సంస్థల విషయంలో ప్రభుత్వం తెచ్చిన మార్పుల తరువాత ఎయిడెడ్ సిబ్బంది చాలామంది ప్రభుత్వంలోకి వెళ్లారు. పాత గ్రంథాల్లో చూసి "ప్రభుత్వ, ఎయిడెడ్, ప్రైవేటు" అని మూడు గడులు గీసుకుంటే మధ్య గడి నింపడానికి మనుషులు దొరకడం కష్టం. దాని బదులు ప్రభుత్వ జూనియర్ కళాశాలలు, గురుకులాలు, ఒకే ప్రాంగణం ఉన్న స్థానిక ప్రైవేటు కళాశాలలు, అనేక శాఖలున్న కార్పొరేట్ కళాశాలలు అని నాలుగు వర్గాలు చేసుకుంటే మన నేలకు దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు అన్నింటికన్నా లోతైన ప్రశ్న: మీ ప్రశ్నావళిలో "మీ నాయకుడు" అంటే ఎవరు?

నాయకత్వ శైలిని కొలిచే ప్రామాణిక సాధనాలు బయటి దేశాల్లో తయారయ్యాయి. బెర్నార్డ్ బాస్, బ్రూస్ అవోలియో అనే పరిశోధకుల బహుకారక నాయకత్వ ప్రశ్నావళిలో 45 అంశాలుంటాయి. పాఠశాల ప్రిన్సిపాల్ బోధనా నాయకత్వం కోసమే హాలింజర్ రూపొందించిన సాధనంలో 50 ఉంటాయి. రెండూ అనుమతి తీసుకుని వాడాల్సినవే. ఇంటర్‌నెట్‌లో దొరికిన ప్రతిని దించుకుని వాడకండి, గ్రంథం సమర్పించే నాడు అది మీ మెడకు చుట్టుకుంటుంది. అయితే అనుమతి కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ సాధనాలన్నీ ఒక సంస్థకు ఒక నాయకుడు ఉంటాడని నమ్మి తయారైనవి.

విజయవాడలోని ఒక కార్పొరేట్ జూనియర్ కళాశాలను తీసుకోండి. ఏ రోజు ఏ పాఠం ఎంతవరకు చెప్పాలో మైక్రో షెడ్యూల్ ప్రధాన కార్యాలయం నుంచి వస్తుంది. వారాంతపు పరీక్ష పేపరు అక్కడి నుంచే వస్తుంది. అధ్యాపకుడి క్లాసును పరిశీలించేది డీన్, బదిలీ చేసేది ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్), సెలవు ఇచ్చేది క్యాంపస్ ఇన్‌ఛార్జి. ప్రిన్సిపాల్ అనే మనిషి ఉంటారు, తల్లిదండ్రులతో మాట్లాడతారు, బోర్డు కాగితాల మీద సంతకం చేస్తారు. "మీ నాయకుడు మీ అభివృద్ధి పట్ల శ్రద్ధ చూపుతారా" అని అడిగితే ఆ అధ్యాపకుడు ఈ నలుగురిలో ఎవరిని తలుచుకుని టిక్కు పెడతాడు? ప్రభుత్వ కళాశాలలో ఇంకో రకం ఇబ్బంది ఎదురవుతుంది. అక్కడ కొన్నిచోట్ల ప్రిన్సిపాల్ పూర్తి అదనపు బాధ్యతల మీద ఉంటారు, అంటే ఆయన నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్ లెక్చరరే. కాంట్రాక్టు అధ్యాపకుడికి తన కొనసాగింపు ఉత్తర్వు ఆయన చేతిలో లేదని బాగా తెలుసు.

1976లో కార్ల్ వైక్ విద్యాసంస్థలను వదులుగా ముడిపడిన వ్యవస్థలని వర్ణించాడు. కార్యాలయంలో తీసుకున్న నిర్ణయానికీ తరగతి గదిలో జరిగే బోధనకూ మధ్య ముడి వదులుగా ఉంటుందనీ, తలుపు మూశాక ఉపాధ్యాయుడి లోకం వేరనీ దాని భావం. విద్యా నిర్వహణలో ఎంతో ప్రభావం చూపిన ఆలోచన అది. మన ప్రభుత్వ కళాశాలకు అది ఇప్పటికీ చక్కగా అతుకుతుంది. విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఉన్న కార్పొరేట్ ప్రాంగణానికి అతకదు. అక్కడి ముడి గట్టిది, తరగతి గది తలుపు మూసుకున్నా షెడ్యూలు లోపలికి వస్తుంది. అంటే మీ అంశంలో ఒక నిజమైన పరిశోధన ప్రశ్న దాగి ఉంది. ముడి వదులుగా ఉన్న కళాశాలలో ప్రిన్సిపాల్ శైలి అధ్యాపకుడి నిబద్ధతను మారుస్తుందా, ముడి బిగిసిన చోట ఆ ప్రభావం కరిగిపోతుందా? మీరు ఇది అడిగితే మీ గ్రంథం మన ప్రాంతం గురించి కొత్త సంగతి చెబుతుంది. అందుకోసం ప్రతి కళాశాలలో ఒక చిన్న పట్టిక నింపుకోండి. పాఠ్య ప్రణాళిక ఎవరు వేస్తారు, ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారు, క్లాసు ఎవరు పరిశీలిస్తారు, సెలవు ఎవరు ఇస్తారు, ఉద్యోగంలోంచి తీసే అధికారం ఎవరిది. ఐదు ప్రశ్నలు చాలు. ఆ తరువాత ప్రశ్నావళి పైభాగంలో "ఈ ప్రశ్నలన్నీ మీ కళాశాల ప్రిన్సిపాల్ గురించి మాత్రమే" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి.

ఫారాలు ఎవరి చేతి మీదుగా వెళ్తాయి? దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే నా మొదటి సర్వే ఇక్కడే పాడైంది. పన్నెండు కళాశాలలకు బ్రౌన్ కవర్లలో ఫారాలు ఇచ్చాను. ఒక కళాశాలలో ఉదయం ఇచ్చిన 32 ఫారాలు సాయంత్రానికల్లా అటెండర్ చేత నా ఇంటికి చేరాయి. సంతోషంతో తెరిచాను. ప్రతి ఫారం కుడివైపు పైమూలలో పెన్సిల్‌తో సన్నగా ఒక అంకె వేసి ఉంది. ఒకటి నుంచి 32 వరకు, హాజరు పట్టీలో పేర్లు ఉన్న వరసలోనే. రెండు మూడు ఫారాల్లో తప్ప అన్నింటిలోనూ టిక్కులు ఒకే నిలువు గీతలా "సంతృప్తి" గడిలో దిగిపోయాయి. చివరి పేజీలో "మీరు మార్చాలనుకునే ఒక్క విషయం రాయండి" అన్నచోట 31 మంది ఖాళీగా వదిలేశారు. 32వ వారు ఏదో రాసి రబ్బరుతో చెరిపేశారు. ట్యూబులైటు వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అక్షరాల అచ్చు కనిపించింది: "జీతం ఐదో తారీఖుకైనా".

నా పన్నెండు కళాశాలల్లో సంతృప్తి సగటు అందరికన్నా ఎక్కువ వచ్చింది ఆ కళాశాలలోనే. ఆ 32 ఫారాలనూ పక్కన పెట్టాను. కానీ మిగిలిన పదకొండు కళాశాలల ఫారాల మీద పెన్సిల్ అంకెలు లేనంత మాత్రాన అవి భయం లేకుండా నింపినవని నేను ఎలా నమ్మగలను? చివరికి ఆ సమాచారం మొత్తాన్నీ వదులుకుని, మరో ఏడాది వెచ్చించి మళ్లీ మొదలుపెట్టాను. ఆ రెండోసారి అనుసరించిన పద్ధతినే తరువాత నా విద్యార్థులందరి చేతా పాటింపజేశాను.

ప్రిన్సిపాల్ అనుమతి తప్పనిసరి, అది మర్యాద కూడా. అయితే ఆ అనుమతి స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లడానికి మాత్రమే తీసుకోండి. స్టాఫ్‌రూమ్‌లో మీ చేతులతో మీరే ఫారం, దానితోపాటు గమ్ ఉన్న కవరు ఇవ్వండి. నింపి, అంటించి, మీరు తెచ్చిన పెట్టెలో వేయమనండి. ఇష్టం లేనివారు ఖాళీ ఫారాన్నే అంటించి వేయవచ్చని ముందే చెప్పండి, అప్పుడు ఎవరు నింపారో ఎవరు నింపలేదో పక్కవారికి తెలియదు. ఈ రోజుల్లో గూగుల్ ఫారం లింకును ప్రిన్సిపాల్ చేత కళాశాల వాట్సాప్ గ్రూపులో పెట్టిస్తున్నారు. అది కూడా ఆ బ్రౌన్ కవరు లాంటిదే. ఆన్‌లైన్‌లో చేయదలిస్తే లింకు మీ నంబరు నుంచి ఒక్కొక్కరికీ విడిగా వెళ్లాలి, ఈమెయిల్ చిరునామా సేకరించే సదుపాయాన్ని ఆపివేయాలి.

పేరు రాయవద్దని చెప్పినంత మాత్రాన గోప్యత రాదు. మొదటి పేజీలో బోధించే సబ్జెక్టు, వయసు, లింగం, అనుభవం, కళాశాల పేరు అడిగారనుకోండి. సంస్కృతం చెప్పేవారు చాలా కళాశాలల్లో ఒక్కరే ఉంటారు. ఆయన సంస్కృతం అని రాసిన క్షణంలోనే పేరు రాసినట్టు అవుతుంది, ఆ సంగతి ఆయనకు మనకన్నా ముందే తెలుస్తుంది కాబట్టి ఆ తరువాతి ప్రశ్నలన్నింటికీ జాగ్రత్తగానే సమాధానం ఇస్తాడు. సబ్జెక్టు బదులు "భాషలు, సైన్సు, ఆర్ట్స్" అని మూడు గుంపులు పెట్టండి. వయసు ఎంతో అడగకుండా పదేళ్ల అంతరాలు ఇవ్వండి. మీ విశ్లేషణకు నిజంగా అవసరం లేని వివరం ఒక్కటి కూడా అడగవద్దు.

భాష సంగతి. జూనియర్ లెక్చరర్లకు ఇంగ్లీషు వస్తుంది కదా అని చాలామంది అనువాదం జోలికి వెళ్లరు. రావడం వేరు, తమ మనసులో మాటను ఆ భాషలో గుర్తుపట్టడం వేరు. 1991లో మేయర్, అలెన్ ప్రతిపాదించిన నమూనాలో సంస్థాగత నిబద్ధతకు మూడు ముఖాలున్నాయి. ఇష్టంతో ఉండటం, వదిలితే నష్టమని ఉండటం, ఉండటం ధర్మమని ఉండటం. మన దగ్గర ఈ మూడింటి మధ్య గీతలు వేరుగా పడతాయి. అసలు సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్న అధ్యాపకుడు "వదిలితే నష్టం" అనే ప్రశ్నకు ఇచ్చే సమాధానానికీ, ఇరవయ్యేళ్ల సర్వీసు పోతుందని భయపడే అధ్యాపకుడి సమాధానానికీ మార్కు ఒకటే, అర్థం వేరు. సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయో విడిగా ఒక ప్రశ్న అడగండి. బయటి దేశపు సాధనాల్లో ఆ ప్రశ్న ఉండదు, మన దగ్గర అది లేకుండా నిబద్ధతను అర్థం చేసుకోలేం.

సంస్థకు రుణపడి ఉన్నాననే భావాన్ని అడిగే అంశాన్ని మా విద్యార్థి ఒకరు "ఈ కళాశాలకు నేను ఎంతో రుణపడి ఉన్నాను" అని అనువదించారు. భాషలో తప్పేమీ లేదు. తెనాలిలో ప్రయోగాత్మకంగా చదివిస్తున్నప్పుడు ఒక లెక్చరర్ అక్కడ ఆగి, "ఇది అడ్వాన్సు గురించా అండీ?" అని అడిగారు. కూతురి పెళ్లికి యాజమాన్యం దగ్గర జీతంలోంచి కోత పెట్టుకునేలా అప్పు తీసుకున్నారట. ఆయన ఆ వాక్యానికి "పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అని టిక్కు పెట్టబోయింది ఆ అప్పును తలుచుకునే. చివరికి ఆ వాక్యాన్ని "ఈ కళాశాల నాకు చేసిన మేలును మరిచిపోలేను" అని మార్చాం.

మధ్య గడి పేరు విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఐదు గడుల స్కేలులో మధ్యదాన్ని చాలా ప్రశ్నావళుల్లో "చెప్పలేను" అని పెడతారు. ఈ మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి: తెలియదు కాబట్టి చెప్పలేను, తెలుసు గానీ నోరు విప్పి చెప్పలేను. భయం ఉన్న కళాశాలలో మధ్య గడి రెండో అర్థంతో నిండిపోతుంది, మీరు దాన్ని తటస్థత కింద లెక్కవేసి 3 మార్కులు ఇస్తారు. "అటూ ఇటూ కాదు" అని పెట్టండి. వ్యతిరేకార్థంలో ఉన్న అంశాలతో కూడా ఇలాంటి చిక్కే వస్తుంది. "ఈ కళాశాలతో నాకు అనుబంధం లేదు" అన్న వాక్యానికి అనుబంధం ఉన్న మనిషి "ఏకీభవించను" అనాలి. చాలామంది అక్కడ తడబడి, "అవును, లేదు" అనే మన మాట తీరులో ఆలోచించి తారుమారుగా టిక్కు పెడతారు. అలాంటి అంశాలను పూర్తిగా తీసేయమని చెప్పను గానీ, ముందు వాటిని పదిహేనుమంది చేత పైకి చదివించి, ఏమనుకుని టిక్కు పెట్టారో నోటితో చెప్పించుకోండి. తెలుగు పాఠాన్ని మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, రెండు ఇంగ్లీషు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూసే పద్ధతిని బ్రిస్లిన్ 1970లోనే ప్రచారంలోకి తెచ్చాడు. అది చేయండి. అయితే అది పదాల తేడాను పట్టిస్తుంది గానీ తెనాలి లెక్చరర్ అడ్వాన్సును పట్టించదు. దానికి మనిషి ఎదురుగా కూర్చోవాల్సిందే.

విశ్వసనీయత గురించి క్లుప్తంగా చెబుతాను. అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చూపే 1951 నాటి క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటితే చాలని అందరూ రాస్తారు. అంశాల సంఖ్య పెరిగేకొద్దీ ఆల్ఫా కూడా పెరుగుతుంది కాబట్టి 45 అంశాల సాధనానికి 0.90 వచ్చిందని సంబరపడనవసరం లేదు. నిబద్ధతకున్న మూడు ముఖాలకూ విడివిడిగా ఆల్ఫా ఇవ్వండి, మూడింటినీ కలిపి ఒకే మొత్తంగా కూడవద్దు. ఇష్టంతో ఉన్నవారినీ గత్యంతరం లేక ఉన్నవారినీ కలిపి తీసిన సగటుకు అర్థం లేదు.

నాయకత్వం గురించీ నిబద్ధత గురించీ అదే మనిషిని, అదే రోజు, అదే ఫారంలో అడిగితే, ఆ రోజు ఆయన మనసు ఎలా ఉందో అదే రెండు కొలతల్లోనూ కనిపించి, లేని సంబంధం కూడా ఉన్నట్టు తేలుతుంది. పరీక్షకులు మౌఖిక పరీక్షలో తప్పక అడిగే ప్రశ్న ఇది. నేను సూచించే మార్గం మీకు వీలైనదే. కళాశాలకు పదిమంది ఉన్నారు కదా, వారిలో ఐదుగురికి నాయకత్వం ఫారం, మిగిలిన ఐదుగురికి నిబద్ధత ఫారం లాటరీ పద్ధతిలో ఇవ్వండి. ఒక గుంపు చెప్పిన నాయకత్వ సగటును రెండో గుంపు చెప్పిన నిబద్ధతతో పోల్చండి. ఫారం కూడా సగానికి తగ్గుతుంది, స్టాఫ్‌రూమ్‌లో ఇంటర్వెల్‌లోనే నింపేయవచ్చు. ఇలా చేస్తే ప్రతి కొలతకూ మనుషులు సగమే మిగులుతారు కాబట్టి 40 కళాశాలలకు ఒక్కటి కూడా తగ్గకుండా చూసుకోవాలి, వీలైతే 45 పెట్టుకోండి. దీనికితోడు మాటల మీద ఆధారపడని కొలత ఒకటి తీసుకోండి. పోయిన జూన్‌లో ఎంతమంది అధ్యాపకులు ఉన్నారు, వారిలో ఈ జూన్‌కు ఎంతమంది మిగిలారు. ఈ ఒక్క అంకె నిబద్ధత గురించి చెప్పేది ఏ స్కేలూ చెప్పదు. యాజమాన్యం ఇవ్వకపోతే పాత టైంటేబుల్, కొత్త టైంటేబుల్ పక్కపక్కన పెట్టి అధ్యాపకుల సంక్షిప్త నామాలను పోల్చుకోవచ్చు. మా విద్యార్థి ఒకరు మూడు ప్రాంగణాల్లో అలాగే సేకరించారు.

విశ్లేషణకు బహుస్థాయి నమూనా వాడండి. అధ్యాపకుడు ఒక స్థాయి, కళాశాల దానిపై స్థాయి. ఉచితంగా దొరికే ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఇది సాధ్యమే, గణాంకాలు తెలిసినవారి దగ్గర రెండు వారాలు కూర్చుంటే పట్టుబడుతుంది. అంతకుముందు, ఒకే కళాశాలలోని అధ్యాపకులు ప్రిన్సిపాల్ గురించి ఏకాభిప్రాయంతో ఉన్నారో లేదో తప్పక చూడండి. లేకపోతే వారి సగటును "కళాశాల అభిప్రాయం" అనకూడదు. ఏకాభిప్రాయం లేకపోవడం కూడా ఒక ఫలితమే, ప్రిన్సిపాల్ కొందరిని దగ్గర పెట్టుకుని కొందరిని దూరంగా ఉంచే కళాశాలల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది.

ఏ నెలల్లో వెళ్లాలన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. వేసవిలో ప్రైవేటు అధ్యాపకులు పదో తరగతి పిల్లల ఇళ్లకు అడ్మిషన్ల కోసం తిరుగుతుంటారు. ఆ నెలల్లో వారి సమాధానాల్లో అలసట, అవమానం కలిసి వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలు. ఆగస్టు మొదలు దసరా సెలవుల దాకా, ఆ తరువాత సంక్రాంతికి ముందు వరకు మంచి కాలం. అన్ని కళాశాలలకూ ఒకే విడతలో వెళ్లండి. సగం ఆగస్టులో, సగం జనవరిలో అయితే తేడా కళాశాలదో నెలదో చెప్పలేరు. స్పాట్ వాల్యుయేషన్ కేంద్రం దగ్గర అధ్యాపకులంతా ఒకేచోట దొరుకుతారని కొందరు సలహా ఇస్తారు. ప్రిన్సిపాల్ కళ్లకు దూరంగా ఉంటారన్న మాట నిజమే, అయితే మూల్యాంకనం జరిగే చోట ఫారాలు పంచడం సరికాదు, పైగా అక్కడికి ఎవరు వస్తారో ఎంపిక మీ చేతిలో ఉండదు. సాయంత్రం బయటికి వచ్చాక పరిచయం చేసుకుని, ముఖాముఖి మాట్లాడటానికి ఇద్దరు ముగ్గురిని ఒప్పించుకోవడానికి మాత్రం ఆ సందర్భం బాగా పనికివస్తుంది.

నలభై కళాశాలలు తిరగడం ఉద్యోగం చేసుకుంటూ అయ్యే పనేనా అని మీకు అనిపించవచ్చు. అనుమతికి ఒకసారి, ఫారాలకు ఒకసారి, అంటే ఎనభై ప్రయాణాలు. విజయవాడలోనో గుంటూరులోనో ఒక్క రోజులో మూడు కళాశాలలు చూడవచ్చు. బాపట్ల, మాచర్ల లాంటి చోట్లకు రోజంతా పడుతుంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు వ్యవధి ఉంది. ఒక విద్యా సంవత్సరాన్ని పూర్తిగా దీనికే కేటాయించుకోండి.

చివరిగా మీ సొంత కళాశాల. పార్ట్‌టైమ్ పరిశోధనకు అవే నిబంధనలు పనిచేస్తున్న సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతాయి కాబట్టి, మీకు ఆ పత్రం ఇచ్చింది మీ యాజమాన్యమే అయి ఉంటుంది. ఆ యాజమాన్యం కింద ఉన్న ప్రిన్సిపాల్ గురించి, మీ పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగులు, మీ చేతికే ఫారం ఇస్తూ నిజం రాయగలరా? రాసినా, ఫలితం బాగా లేకపోతే మీరు దాన్ని నిర్భయంగా ప్రచురించగలరా? ఈ రెండు భారాలూ వారి మీద, మీ మీద పెట్టుకోకండి. అదే యాజమాన్యానికి వేరే ఊళ్లో శాఖలుంటే వాటిని కూడా వదిలేయండి. మీ సహోద్యోగుల సహాయం మాత్రం అనువాద దశలో తీసుకోండి. ఒక మధ్యాహ్నం భోజనాల తరువాత తెలుగు ప్రశ్నావళిని వారి ముందు పెట్టి, టిక్కులు పెట్టమని అడగకుండా, ఏ వాక్యం దగ్గర ఆగాల్సి వచ్చిందో మాత్రం చెప్పమనండి. వారు చెప్పినవన్నీ రాసుకుని సవరించాక ఆ పాఠాన్ని ఇక్కడ పెడితే నేను వాక్యం వాక్యం చూసి చెబుతాను.